యూనిట్ - 11 : పనిలో సంతృప్తి - కార్యాలయ ఉద్యోగం, చేతిపని

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 ఉద్యోగ సంతృప్తి - అర్థం
11.3 రెండు పనులు - రెండు ఉదాహరణలు
11.4 పని లక్షణాల నమూనా
11.5 కార్యాలయ పనిలో అసంతృప్తికి కారణాలు
11.6 చేతిపనిలో అసంతృప్తికి కారణాలు
11.7 భారతీయ సందర్భం - కులం, గౌరవం, భద్రత
11.8 పని పట్ల వ్యక్తి దృక్పథం
11.9 సారాంశం
11.10 కీలక పదాలు
11.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి - జవాబులు
11.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- ఉద్యోగ సంతృప్తి అనే భావనను నిర్వచించగలుగుతారు.
- పని లక్షణాల నమూనా ఆధారంగా ఏదైనా ఒక పనిని విశ్లేషించగలుగుతారు.
- కార్యాలయ పనిలోనూ, చేతిపనిలోనూ అసంతృప్తి కలగడానికి గల కారణాలను పోల్చగలుగుతారు.
- భారతీయ సమాజంలో పనికి లభించే గౌరవం సంతృప్తిని ఏ విధంగా ప్రభావితం చేస్తుందో వివరించగలుగుతారు.

11.1 పరిచయం

"ఏం చేస్తున్నావు?" అని బంధువులు అడిగినప్పుడు "ఆఫీసులో పని" అంటే తల ఊపి ఊరుకుంటారు. "మోటార్ల మెకానిక్‌ని" అంటే "మరి ఉద్యోగం ఎప్పుడు?" అని మళ్లీ అడుగుతారు. అంటే మన వాడుకలో చేతిపని పనే గాని 'ఉద్యోగం' కాదు. ఆ మెకానిక్ సంపాదన గుమాస్తా జీతం కంటే ఎక్కువే కావచ్చు. అయినా ప్రశ్న మారదు.

దూరవిద్య ద్వారా డిగ్రీ చదువుతున్నవారిలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక పని చేస్తున్నవారే. కొందరు ఎలక్ట్రీషియన్లు, దర్జీలు, నేతపనివారు, డ్రైవర్లు. మరికొందరు గుమాస్తాలు, కంప్యూటర్ ఆపరేటర్లు, దుకాణాలలో లెక్కలు రాసేవారు. డిగ్రీ పూర్తయితే చేతిపని మాని కార్యాలయంలో చేరవచ్చుననే ఆశ వీరిలో కొందరికి ఉంటుంది. ఆ ఆశ సహజమైనదే. దానికి బలమైన కారణాలు కూడా ఉన్నాయి. అయితే కార్యాలయంలో చేరినంత మాత్రాన పనిలో సంతృప్తి దానంతట అదే లభిస్తుందా? చేతిపనిలో ఉన్న సంతృప్తిని మనం తక్కువగా అంచనా వేస్తున్నామా? లేక దానిని దూరం నుంచి చూసేవారు ఎక్కువగా పొగుడుతున్నారా? ఈ ప్రశ్నలను ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం.

11.2 ఉద్యోగ సంతృప్తి - అర్థం

ఒక వ్యక్తి తన పనిని, పని పరిస్థితులను అంచనా వేసుకున్నప్పుడు కలిగే అనుకూల మనోభావమే ఉద్యోగ సంతృప్తి. ఈ భావనపై తొలి సమగ్ర గ్రంథాన్ని అమెరికాకు చెందిన రాబర్ట్ హాపాక్ 1935లో ప్రచురించాడు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని న్యూ హోప్ అనే చిన్న ఊరిలో పనిచేసేవారిని ఆయన సర్వే చేశాడు. వృత్తి స్థాయి పెరిగేకొద్దీ సగటు సంతృప్తి కూడా పెరుగుతున్నట్లు అందులో కనిపించింది. నైపుణ్యం అవసరంలేని కూలిపని చేసేవారిలో సంతృప్తి తక్కువగా, వృత్తినిపుణులలో ఎక్కువగా ఉంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ తేడాను చేతికీ కలానికీ మధ్య తేడాగా మాత్రమే చూడకూడదు. ఇందులో నైపుణ్యం, ఆదాయం, హోదా కలగలిసి ఉన్నాయి.

1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ఇంటర్వ్యూ చేసి రెండు కారకాల సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. జీతం, పర్యవేక్షణ, పని పరిస్థితులు, ఉద్యోగ భద్రత వంటివి సరిగా లేకపోతే అసంతృప్తి కలుగుతుంది. కాని అవి సరిగా ఉన్నంత మాత్రాన సంతృప్తి కలగదు. సాధించామన్న భావన, గుర్తింపు, బాధ్యత, పని స్వభావం వంటివే సంతృప్తినిస్తాయి. అయితే ఈ అధ్యయనంలో పాల్గొన్నవారు రెండు వృత్తులకు మాత్రమే చెందినవారు. రోజుకూలీకి జీతం ఇంత చిన్న విషయమా అన్న విమర్శ అందుకే వచ్చింది.

ఈ యూనిట్‌లో మన సౌలభ్యం కోసం ఉద్యోగ సంతృప్తిని మూడు ప్రశ్నలుగా విడదీద్దాం.
1. పని నుంచి ఏమి వస్తుంది? (ఆదాయం, భద్రత, సెలవులు)
2. పనిలో ఏమి ఉంది? (నైపుణ్యం, స్వేచ్ఛ, ఫలితం)
3. పని చేసేవారికి సమాజం ఏమి ఇస్తుంది? (గౌరవం, గుర్తింపు)

కార్యాలయ పనిని, చేతిపనిని పోల్చేటప్పుడు చాలామంది ఈ మూడింటిని కలిపివేస్తారు. వాదన తెగకపోవడానికి అదే ప్రధాన కారణం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
హెర్జ్‌బర్గ్ సిద్ధాంతం ప్రకారం జీతం ఏ రకమైన కారకం?

11.3 రెండు పనులు - రెండు ఉదాహరణలు

కింది రెండు ఉదాహరణలు విశ్లేషణ కోసం ఊహించినవి. అయితే ఇటువంటి వ్యక్తులు మీ మండల కేంద్రంలో తప్పక కనిపిస్తారు.

మొదటి ఉదాహరణ: మోటారు వైండింగ్ పని. ఎండాకాలంలో ఒక రైతు కాలిపోయిన బోరు మోటారును ఆటోలో వేసుకుని దుకాణానికి వస్తాడు. మెకానిక్ మోటారు విప్పి, కాలిన తీగను కోసి తీసి, ఒక్కొక్క చుట్టలో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెడతాడు. తీగ గేజ్ కొలుస్తాడు. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త రాగి తీగను అదే లెక్కన స్లాట్లలో చుడతాడు. పూత ఎక్కడైనా గీసుకుపోతే నీటిలో దింపగానే మోటారు మళ్లీ కాలుతుంది. అందువల్ల వేళ్లకు ఓపిక ఉండాలి. చివరకు కనెక్షన్లు ఇచ్చి, మెగ్గర్‌తో పరీక్షిస్తాడు. మోటారు ఎందుకు కాలిందో కూడా ఆయనే చెప్పాలి: వోల్టేజి తగ్గిందా, ఒక ఫేజు పోయిందా, బేరింగు అరిగిందా, బోరులో నీరు తగ్గి మోటారు ఉత్తగా తిరిగిందా? ఆ సాయంత్రమో, మరునాడో రైతు ఫోన్ చేసి "నీళ్లు పోస్తోంది" అంటాడు. లేదా మోటారు తిరిగి దుకాణానికే వస్తుంది. రెండింటిలో ఏదైనా ఫలితం స్పష్టం.

రెండవ ఉదాహరణ: ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు పని. తపాలా వస్తుంది, ఇన్‌వార్డు నంబరు పడుతుంది, పర్సనల్ రిజిస్టరులో నమోదు చేస్తారు. నోట్ ఫైలు రాసి సూపరింటెండెంటుకు పెడతారు. అక్కడి నుంచి అధికారికి వెళుతుంది. అధికారి "చర్చించండి" అని రాస్తే ఫైలు వెనక్కి వస్తుంది. ఆమోదించి పై కార్యాలయానికి పంపితే, ఆ తరువాత ఏమైందో అసిస్టెంటుకు చాలాసార్లు తెలియదు. తాను రాసిన నోట్ వల్ల ఒక కుటుంబానికి పింఛను వచ్చి ఉండవచ్చు. కాని ఆ కుటుంబం ఆయనకు కనిపించదు. ఆయనకు కనిపించేది మిగిలిన ఫైళ్ల దొంతర మాత్రమే. నెల మొదట్లో జీతం మాత్రం తప్పకుండా ఖాతాలో పడుతుంది.

11.4 పని లక్షణాల నమూనా

పైన చూసిన రెండవ ప్రశ్నకు, అంటే పనిలో ఏమి ఉంది అన్నదానికి, రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు 1970లలో ఒక నమూనాను రూపొందించారు. దీని ప్రకారం ప్రతి పనిలోనూ ఐదు మూల లక్షణాలను పరిశీలించాలి.

(అ) నైపుణ్య వైవిధ్యం: పనిలో ఎన్ని రకాల నైపుణ్యాలు అవసరమవుతాయి?
(ఆ) పని సమగ్రత: పనిని మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే చేస్తారా, లేక ముక్క మాత్రమే చేస్తారా?
(ఇ) పని ప్రాముఖ్యం: ఆ పని ఇతరుల జీవితాలను ఎంతవరకు ప్రభావితం చేస్తుంది?
(ఈ) స్వయంప్రతిపత్తి: ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఎంత?
(ఉ) ప్రతిపుష్టి: పని బాగా చేశామా లేదా అన్నది పని ద్వారానే తెలుస్తుందా?

ఒక్కొక్క లక్షణానికి 1 నుంచి 7 వరకు విలువ ఇస్తారు. మొదటి మూడింటి సగటును స్వయంప్రతిపత్తి విలువతోనూ, ప్రతిపుష్టి విలువతోనూ గుణిస్తే ఆ పనికి ఉన్న ప్రేరణ సామర్థ్యం వస్తుంది. గరిష్ఠ విలువ 7 × 7 × 7 = 343.

మన ఉదాహరణలకు ఊహాత్మక విలువలతో లెక్క చేద్దాం.

మోటారు మెకానిక్: నైపుణ్య వైవిధ్యం 5, సమగ్రత 7, ప్రాముఖ్యం 6, సగటు 6. స్వయంప్రతిపత్తి 6, ప్రతిపుష్టి 7. కాబట్టి 6 × 6 × 7 = 252.

జూనియర్ అసిస్టెంటు: నైపుణ్య వైవిధ్యం 3, సమగ్రత 2, ప్రాముఖ్యం 4, సగటు 3. స్వయంప్రతిపత్తి 2, ప్రతిపుష్టి 2. కాబట్టి 3 × 2 × 2 = 12.

ఇక్కడితో ఆగితే చేతిపనే మేలని తేలుతుంది. కాని మరి రెండు లెక్కలు చూడండి. అదే వైండింగ్ పని ఒక పెద్ద వర్క్‌షాపులో జరుగుతోందనుకుందాం. అక్కడ ఒక సహాయకుడు రోజంతా పాత తీగను కోసి తీయడం మాత్రమే చేస్తాడు. అతనికి వైవిధ్యం 1, సమగ్రత 1, ప్రాముఖ్యం 4, సగటు 2. స్వయంప్రతిపత్తి 1, ప్రతిపుష్టి 2. ఫలితం 2 × 1 × 2 = 4. మరోవైపు, ఆ జూనియర్ అసిస్టెంటుకు పింఛను ప్రతిపాదనలను సర్వీసు రిజిస్టరు పరిశీలన నుంచి మొదటి పింఛను అందేవరకు పూర్తిగా అప్పగించి, పింఛనుదారుతో నేరుగా మాట్లాడే వీలు కల్పిస్తే? వైవిధ్యం 4, సమగ్రత 7, ప్రాముఖ్యం 7, సగటు 6. స్వయంప్రతిపత్తి 4, ప్రతిపుష్టి 6. ఫలితం 6 × 4 × 6 = 144.

దీనిని బట్టి రెండు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, సంతృప్తిని నిర్ణయించేది పని బల్ల దగ్గర జరుగుతుందా, దుకాణంలో జరుగుతుందా అన్నది కాదు. పనిని ఎలా విభజించారన్నది. రెండవది, సూత్రంలో గుణకారం ఉన్నందువల్ల స్వేచ్ఛగాని, ప్రతిపుష్టిగాని బాగా తక్కువైతే మిగిలిన లక్షణాలు ఎంత బాగున్నా ఫలితం పడిపోతుంది.

ఈ నమూనాకు పరిమితి కూడా ఉంది. ఇందులో కూలి, ప్రమాదం, గౌరవం లేవు. 252 వచ్చిన మెకానిక్‌కు వానాకాలంలో గిరాకీ ఉండకపోవచ్చునన్న సంగతి ఈ లెక్కలో కనిపించదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
ఒక పనికి వైవిధ్యం 6, సమగ్రత 4, ప్రాముఖ్యం 5, స్వయంప్రతిపత్తి 3, ప్రతిపుష్టి 4 అయితే ప్రేరణ సామర్థ్యం ఎంత?

11.5 కార్యాలయ పనిలో అసంతృప్తికి కారణాలు

కార్యాలయ పని ఎప్పుడూ ఇలా ముక్కలుగా లేదు. హారీ బ్రేవర్‌మన్ 1974లో ప్రచురించిన గ్రంథంలో దీనిని చర్చించాడు. యువకుడిగా రాగిపని నేర్చుకుని, దానితో జీవించిన వ్యక్తి ఆయన. పూర్వపు గుమాస్తా లెక్కలు, ఉత్తరాలు, సరుకు వివరాలు అన్నీ తెలిసిన మనిషి. ఆ పనిని చిన్నచిన్న భాగాలుగా విడగొట్టి, ఆలోచనను పైస్థాయికి, అమలును కిందిస్థాయికి పంచడంతో కార్యాలయం కూడా కర్మాగారంలా మారిందని ఆయన వాదించాడు. దీనినే నైపుణ్య క్షీణత అంటారు. నేటి డేటా ఎంట్రీ, కాల్ సెంటర్ పనులను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. కాల్ సెంటర్ ఉద్యోగి ఏం మాట్లాడాలో తెర మీద ముందే రాసి ఉంటుంది. ఎన్ని నిమిషాలు మాట్లాడాలో కూడా యంత్రమే లెక్కిస్తుంది.

సి. రైట్ మిల్స్ 1951లో మధ్యతరగతి ఉద్యోగులపై రాసిన గ్రంథంలో మరొక కోణం చూపాడు. కార్మికుడు తన శ్రమను అమ్ముకుంటే, అమ్మకాలు, సేవల రంగంలోని ఉద్యోగి తన వ్యక్తిత్వాన్ని కూడా అమ్ముకోవలసి వస్తుంది. కోపం వచ్చినా నవ్వడం అతని విధిలో భాగం.

స్వేచ్ఛ తగ్గడం ఆరోగ్యాన్ని కూడా దెబ్బతీస్తుంది. లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పై అధికారులతో పోలిస్తే కింది శ్రేణి సిబ్బందిలో గుండెజబ్బు మరణాలు సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయి. పొగతాగడం వంటి అలవాట్లు ఈ తేడాలో కొంత భాగాన్ని మాత్రమే వివరించాయి. 1985లో ప్రారంభమైన రెండవ అధ్యయనంలో, తన పనిపై తనకు అదుపు లేకపోవడం ఒక ముఖ్య కారణమని మైకేల్ మార్మట్, ఆయన సహచరులు చూపారు. వీరందరూ నీడలో, స్థిరమైన జీతంతో పనిచేసినవారే అన్నది గుర్తుంచుకోవాలి.

11.6 చేతిపనిలో అసంతృప్తికి కారణాలు

చేతిపని అనగానే కుమ్మరి సారెను, నేతగాని మగ్గాన్ని తలచుకుని మురిసిపోవడం సులభం. ఆ పని చేసేవారి భుజాలను అడిగితే మరొక కథ తెలుస్తుంది. పోచంపల్లి తరహా చీరల తయారీలో రంగులద్దడానికి ముందు 'ఆసు పోయడం' అనే దశ ఉంది. అర్ధవృత్తాకారంలో అమర్చిన పుల్లల చుట్టూ దారాన్ని ఒక చీరకు వేల సార్లు చేత్తో తిప్పాలి. చాలా ఇళ్లలో ఈ పని చేసేది స్త్రీలే. చీర అందానికి వచ్చే పేరులో వారి పేరు వినిపించదు. భుజాల నొప్పితో బాధపడుతున్న తల్లిని చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని రూపొందించాడు. దానికి తల్లి పేరు మీదుగా లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇక్కడ యంత్రం చేతిపనిని చంపలేదు. దానిలోని బండచాకిరీని తొలగించింది. నైపుణ్యం, చాకిరీ ఒకే వృత్తిలో పక్కపక్కనే ఉంటాయని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

పారిశ్రామిక చేతిపనులన్నీ ఒకే రకం కావని రాబర్ట్ బ్లౌనర్ 1964లో నిరూపించడానికి ప్రయత్నించాడు. ఆయన ముద్రణ, వస్త్ర, మోటారు వాహనాల, రసాయన పరిశ్రమలను పోల్చాడు. పరాయీకరణను నిస్సహాయత, అర్థరాహిత్యం, ఒంటరితనం, తననుంచి తాను వేరుపడటం అనే నాలుగు కోణాల్లో పరిశీలించాడు. చేతి నైపుణ్యం ఇంకా మిగిలి ఉన్న ముద్రణాలయంలో పరాయీకరణ తక్కువ. కదిలే వరుస ముందు నిలబడి ఒకే మర బిగించే మోటారు వాహనాల కర్మాగారంలో అది అత్యధికం. యంత్రాలను కనిపెట్టుకుని ఉండే రసాయన కర్మాగారంలో మళ్లీ తగ్గింది.

చేతిపనిలో మరికొన్ని సమస్యలు ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ శరీరం సహకరించదు. కాని నైపుణ్యం ఉన్నా శరీరం లేకపోతే ఆదాయం లేదు. ఎండ, దుమ్ము, విద్యుత్ ప్రమాదాలు ఉంటాయి. పని ఉన్న రోజు కూలి ఉంటుంది; లేని రోజు ఉండదు.

11.7 భారతీయ సందర్భం - కులం, గౌరవం, భద్రత

పాశ్చాత్య సిద్ధాంతాలు మొదటి రెండు ప్రశ్నలను బాగా వివరిస్తాయి. మూడవ ప్రశ్నకు, అంటే గౌరవానికి, మన సమాజంలో కులం గురించి మాట్లాడకుండా జవాబు చెప్పలేము. కులవ్యవస్థ పనిని మాత్రమే కాక పనిచేసే మనుషులను కూడా విభజించి, ఒకరిపై ఒకరిని మెట్లుగా నిలబెట్టిందని డా. బి.ఆర్. అంబేద్కర్ 1936లో కులనిర్మూలనపై రాసిన గ్రంథంలో వాదించాడు. ఇష్టం, సామర్థ్యం చూడకుండా పుట్టుకతో వృత్తిని నిర్ణయిస్తే, ఆ పనిలో మనసు నిలవదన్నది ఆయన వాదనలోని కీలకాంశం. ఉద్యోగ సంతృప్తి అధ్యయనానికి ఇది చాలా విలువైన పరిశీలన.

1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ చేతివృత్తిని చదువుకు కేంద్రంగా చేయాలని సూచించింది. మన కాలంలో కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన శ్రమ గౌరవ గ్రంథంలో తోలుపని, కుండలు చేయడం, చాకలిపని, మంగలిపని వంటివాటిలోని విజ్ఞానాన్ని వివరించాడు. తోలును పదును చేయడంలో రసాయనశాస్త్రం ఉంది. అది పుస్తకంలో చదివినవారికి గౌరవం, చేతితో చేసినవారికి అవమానం దక్కడం మన సామాజిక చరిత్ర.

ఈ నేపథ్యంలో, చేతిపని చేసే తల్లిదండ్రులు తమ పిల్లలు కుర్చీలో కూర్చుని పనిచేయాలని కోరుకోవడాన్ని శ్రమపట్ల చిన్నచూపుగా భావించకూడదు. అది చాలాసార్లు అవమానం నుంచి బయటపడాలన్న కోరిక.

భద్రత కూడా ఇంతే ముఖ్యం. 2023-24 ఆవర్తన శ్రామిక శక్తి సర్వే ప్రకారం మన దేశంలో పనిచేసేవారిలో సుమారు 58 శాతం స్వయం ఉపాధిలో, సుమారు 20 శాతం రోజుకూలీలో ఉన్నారు. క్రమమైన వేతనం ఉన్నవారు సుమారు 22 శాతం మాత్రమే. భవిష్యనిధి చట్టం సాధారణంగా 20 మంది లేదా అంతకుమించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. ఇద్దరు పనిచేసే వైండింగ్ దుకాణం దాని పరిధిలోకి రాదు. కాబట్టి ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగానికి పోటీపడేవారు కోరుకునేది ఫైళ్లను కాదు. రేపటి మీద ధీమాను. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం 18 సంప్రదాయ వృత్తులవారికి శిక్షణ, పనిముట్లు, రుణం అందిస్తుంది. నెలనెలా వచ్చే జీతానికి మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు.

11.8 పని పట్ల వ్యక్తి దృక్పథం

ఒకే పనిని ఇద్దరు వేర్వేరుగా చూడవచ్చు. 1960లలో గోల్డ్‌థార్ప్, లాక్‌వుడ్, వారి సహచరులు ఇంగ్లండులోని లూటన్‌లో కర్మాగార కార్మికులను అధ్యయనం చేశారు. అందులో చాలామందికి పని కుటుంబ అవసరాలు తీర్చే సాధనం మాత్రమే. పని విసుగు పుట్టించేదే అయినా మంచి కూలి ఇస్తున్నందువల్ల వారు దానిని ఎంచుకున్నారు. తృప్తిని వారు ఇంటి దగ్గర వెతుక్కున్నారు. దీనిని సాధనాత్మక దృక్పథం అంటారు.

1997లో ఏమీ రెజ్నెస్కీ, ఆమె సహచరులు పని పట్ల మూడు దృక్పథాలను గుర్తించారు: జీవనోపాధిగా చూడటం, ఎదుగుదలకు మెట్టుగా చూడటం, జీవితకర్తవ్యంగా చూడటం. వారు పరిశీలించిన పరిపాలనా సహాయకులు ఒకే రకమైన పని చేస్తున్నా ఈ మూడు వర్గాల్లో దాదాపు సమానంగా ఉన్నారు.

అయితే దృక్పథం మార్చుకుంటే చాలని చెప్పడం సరికాదు. మాథ్యూ క్రాఫర్డ్ అనే అమెరికన్ రచయిత రాజనీతి తత్వశాస్త్రంలో పరిశోధన పట్టా పొంది, వాషింగ్టన్‌లో కొంతకాలం ఒక మేధోసంస్థలో పనిచేసి, దానిని వదిలి మోటారుసైకిళ్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. చేతిపనిలో ఆలోచన ఎంత ఉందో 2009లో ఒక గ్రంథంలో వివరించాడు. ఆయన మాటల్లో సత్యముంది. కాని ఆయన ఆ పనిని ఎంచుకున్నాడు. కావాలంటే తిరిగి వెళ్లగలడు. చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టి, మరొక దారి లేక ఆ పనిలో ఉన్న వ్యక్తి పరిస్థితి అది కాదు. పనిలో సంతృప్తికి, ఆ పనిని వద్దనగలిగే అవకాశానికి దగ్గర సంబంధం ఉంది. చదువు ఇచ్చే ముఖ్యమైన ప్రయోజనాల్లో ఇది ఒకటి. డిగ్రీ చేతిపనిని మాన్పించడానికే కానక్కర్లేదు. దానిలో ఉండాలో, వదలాలో నిర్ణయించుకునే వీలు కల్పించడానికి కూడా అది ఉపయోగపడుతుంది.

కృత్యం: మీరు ప్రస్తుతం చేస్తున్న పనికి, మీరు చేరాలనుకుంటున్న పనికి ఐదు లక్షణాల విలువలు ఇచ్చి ప్రేరణ సామర్థ్యం లెక్కించండి. రెండవ పనికి విలువలు ఇచ్చే ముందు ఆ పని చేస్తున్నవారితో మాట్లాడండి. తరువాత ఆదాయం, భద్రత, గౌరవం గురించి విడిగా ఒక్కొక్క పేరా రాయండి. రెండు ఫలితాలు ఒకే వైపు చూపుతున్నాయా?

11.9 సారాంశం

ఉద్యోగ సంతృప్తి అనేది పని నుంచి వచ్చేది, పనిలో ఉన్నది, పనికి సమాజం ఇచ్చేది అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది. సొంతంగా చేసే నైపుణ్య వృత్తులు రెండవ అంశంలో తరచుగా ముందుంటాయి. కార్యాలయ ఉద్యోగాలు, ముఖ్యంగా క్రమమైన వేతనం ఉన్నవి, మొదటి, మూడవ అంశాలలో ముందుంటాయి. పనిని ముక్కలు చేసి, స్వేచ్ఛను తగ్గిస్తే కార్యాలయమైనా, కర్మాగారమైనా అసంతృప్తి తప్పదు. భారతదేశంలో చేతిపని పట్ల చిన్నచూపుకు కులం ప్రధాన మూలం. వ్యక్తి దృక్పథం ముఖ్యమే అయినా, ఎంచుకునే అవకాశం, భద్రత, గౌరవం లేనిచోట దృక్పథం ఒక్కటే సరిపోదు.

11.10 కీలక పదాలు

స్వయంప్రతిపత్తి: పని చేసే పద్ధతిని, వేళను తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ.
ప్రతిపుష్టి: పని ఫలితం గురించి పనిచేసిన వ్యక్తికి అందే సమాచారం.
నైపుణ్య క్షీణత: పనిని చిన్న భాగాలుగా విడగొట్టడం వల్ల పనివారి నైపుణ్యం అవసరం తగ్గిపోవడం.
పరాయీకరణ: తన పని, దాని ఫలితం తనవి కావన్న భావన.
సాధనాత్మక దృక్పథం: పనిని సంపాదనకు సాధనంగా మాత్రమే చూడటం.

11.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి - జవాబులు

1. లోపిస్తే అసంతృప్తిని కలిగించే కారకం. అది సరిగా ఉన్నంత మాత్రాన సంతృప్తి కలగదు.
2. (6 + 4 + 5) ÷ 3 = 5; 5 × 3 × 4 = 60.

11.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పని లక్షణాల నమూనాను వివరించి, మీకు తెలిసిన ఒక చేతివృత్తికి దానిని అన్వయించండి.
2. భారతీయ సమాజంలో చేతిపనికి లభించే గౌరవాన్ని కులం, భద్రత దృష్ట్యా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వైట్‌హాల్ అధ్యయనాల నుంచి కార్యాలయ పని గురించి ఏమి తెలుస్తుంది?
2. బ్లౌనర్ పరిశీలించిన నాలుగు పరిశ్రమలను పోల్చండి.
3. "పనిలో సంతృప్తికి, ఆ పనిని వద్దనగలిగే అవకాశానికి సంబంధం ఉంది." వ్యాఖ్యానించండి.